తుండుగుడ్డ కింద చెయ్యి

పోయిన వారం లాజరుని నందిగామ మిషన్ గ్రౌండులో సిమెంటు కోర్టు మీద వెల్లకిలా పడేసి ఆపాను. వారమంతా నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. ఆ పిల్లాడు అలా పడి ఉంటే నాకు మాత్రం సరదాగా ఉందా?

ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. వాడి పేరు లాజర్. సెర్బియాలో చాచాక్ అనే ఊరు. ఇరవై ఒక్కేళ్ళు, ఆరడుగుల ఎనిమిదంగుళాలు. పదహారో ఏట అక్కడి క్లబ్బులో బాస్కెట్‌బాల్ ఆటగాడిగా చేరాడు. పంతొమ్మిదో ఏట కుడి మోకాలికి ఆపరేషనైంది, క్లబ్బు వదిలేసుకుంది. ఎవరో ఏజెంటు 'ఇండియాలో కొత్త లీగు' అని ఆశ పెట్టి, చిల్లకల్లులో కంకర క్రషర్ నడిపే దశరథరామయ్య జట్టుకి పంపించాడు. ఆ లీగు ఆరు వారాలకే మూతపడింది. లాజరు మాత్రం జగ్గయ్యపేటలో బేబి గారి మేడ మీద గదిలో ఉండిపోయాడు. 'లాజర్' కాస్తా 'లాజరు' అయింది బేబి గారి నోటనే. వాళ్ళ చర్చిలో అప్పటికే నలుగురు లాజరులున్నారు, వీడు ఐదోవాడయ్యాడు. ఇక నేను క్రిస్టీని. నందిగామలో స్కూలు పీఈటీని, ఆ జట్టుకి కోచ్‌ని.

ఇప్పుడు స్లొవేనియాలో ఒక క్లబ్బు వాణ్ణి రమ్మంది. బుధవారం అక్కడి డాక్టర్లు వాడి మోకాలు చూస్తారు. బాగుంటే రెండేళ్ళు ఆడిస్తారు, బాగోకపోతే ఇంటికి పొమ్మంటారు, అంతటితో వాడి ఆట సరి. విమానం మంగళవారం తెల్లవారుజామున, శంషాబాద్ నుంచి. పాస్‌పోర్టేమో దశరథరామయ్య బీరువాలో ఉంది. "ఈస్టర్ కప్పు ఫైనల్ ఆడి పొమ్మను. ఆట అయిన గంటకి చేతిలో పెడతా" అన్నాడాయన. సోమవారం పొద్దున్న ఏడింటికి ఫైనల్. రెండో క్వార్టర్లో లాజరు బంతి కోసం పైకి లేచి దిగుతుంటే, పక్కనుంచి ఎవరో వాడి కుడికాలి మీదకి దూకారు. నాకు కనపడింది జెర్సీ ఒక్కటే. పసుపు రంగు, ఏడో నెంబరు. పసుపు జెర్సీలు మావి.

ఏడో నెంబరు బెన్నిది. ఆరో తరగతి నుంచి నా చేతుల్లో ఆట నేర్చుకున్నవాడు, ఇప్పుడు దశరథరామయ్య క్రషర్లో జల్లెడలో పట్టని రాళ్ళు సమ్మెటతో కొట్టే పని చేస్తున్నాడు. మా జట్టువాడే మావాడి కాలు మీద దూకాడంటే నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు.

ముందు లాజరు దగ్గరికి పరుగెత్తాను. వాడు పళ్ళు బిగించి వాళ్ళ భాషలో ఏదో బూతు తిడుతున్నాడు. మడమ పట్టుకుని కాలు మెల్లగా ముందుకి లాగి చూశాను, పక్కలకి ఒత్తి చూశాను. "చప్పుడేమన్నా వచ్చిందా?" అని అడిగాను. మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"లేదు కోచ్. చప్పుడు రాలేదు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట రైల్వే సెలక్షన్లలో నా ఎడమ మోకాలు పోయినప్పుడు చప్పుడొచ్చింది. పచ్చి బెండకాయ విరిచినట్టు 'టప్' మంది. అంతే, ఆ తర్వాత నేను కోచ్‌నయ్యాను. అందుకని ఆ చప్పుడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. లాజరుకి అది రాలేదు. తొడ పక్కన అరచేయంత మేర కందిపోయింది, మోకాలు వాచడం మొదలుపెట్టింది, కానీ లోపల లిగమెంటు తాడు తెగలేదు. ఐసు కట్టి మా వ్యాను డ్రైవర్ అయూబ్‌కి అప్పజెప్పి, హాఫ్‌టైము కాగానే బెన్ని కాలర్ పట్టుకున్నాను.

గ్రౌండు వెనక పందిరి గుంజలు, చాపలు పెట్టే గది ఉంది. వాణ్ణి అందులోకి తోసి తలుపేశాను. మాట్లాడదామనే తోశాను. వాడి మొహం చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. చెంప మీద ఒకటి పడింది. రెండోది పడింది. మూడోదానికి వాడి పెదవి చిట్లి నా ఉంగరానికి రక్తం అంటుకుంది. పంతులమ్మలు పిల్లల్ని కొట్టకూడదని నాకూ తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదు.

"కొట్టండి మేడమ్" అన్నాడు వాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఇంకా కొట్టండి. నేనే చేసా."

"ఎందుకు చేసావురా వెధవా? వాడు నీకేం చేసాడు? వాడి బూట్లు నీకిచ్చాడే!"

"అయ్యగారు చెప్పాడు. మోకాలు తీసెయ్యమన్నాడు. ఆటలో అయితే కేసుండదంట. నువ్వు చెయ్యకపోతే మీ నాన్న రేపట్నుంచి రాయి పేల్చే గుంటలో దిగుతాడన్నాడు. మా నాన్నకి చెవులు వినపడవు గదా మేడమ్, సైరన్ వినపడదు గదా..." వాడికి ఎక్కిళ్ళొచ్చాయి. "నేను లేటుగా దూకా మేడమ్. దేవుడి తోడు. మోకాలికి కాకుండా తొడకి తగిలేలా దూకా. తగిలిందా? తొడకే తగిలిందా?"

"తగిలింది" అన్నాను. చెయ్యి దానంతటదే కిందికి దిగింది. "అసలు ఆయనకి లాజరు కాలు ఎందుకు?"

బెన్ని నన్ను వింతగా చూశాడు. "అదేంటి మేడమ్, మీకు తెలీదా? లాజరన్న కోదాడ రత్నబాబుకి అమ్ముడుపోయాడు గదా. శనివారం అందరం చూసాం గదా. దేవరాజు తుండుగుడ్డ కప్పి బేరం చేసాడు."

ఇక్కడ దశరథరామయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఆయనకి బాస్కెట్‌బాల్ ఎన్ని నిమిషాలు ఆడతారో కూడా తెలీదు. ఆయన ప్రాణమంతా గిత్తల మీద. బండలాగుడు పందాల్లో ఆయన గిత్తలు ఎన్ని షీల్డులు తెచ్చాయో షెడ్డు గోడ చూస్తే తెలుస్తుంది. లాజరు మొదటిరోజు షెడ్డుకెళ్ళినప్పుడు ఈయన వాడి భుజం తట్టి, పిక్క తడిమి, నోరు తెరవమని పళ్ళు చూశాడు. గిత్తల్ని రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి అని వరసలు కడతారు మరి. లాజరు నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. తప్పు అక్కడే చేశానేమో.

గిత్తల బేరం ఎలా చేస్తారో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మేవాడి చేతి మీద దళారి తుండుగుడ్డ కప్పుతాడు. కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. చుట్టూ వందమంది ఉన్నా అంకె బయటికి పొక్కదు. తల ఊపితే బేరం తెగినట్టు. దేవరాజుది పెనుగంచిప్రోలు, పందాల్లో దశరథరామయ్యకి ఎప్పుడూ పోటీ వచ్చే కోదాడ రత్నబాబు గిత్తల బేరాలన్నీ అతనివే. అదే దేవరాజుకి హస్తవాసి కూడా ఉంది. గొడ్లకైనా మనుషులకైనా జారిన కీలు ఎక్కిస్తాడు.

శనివారం సెమీఫైనల్ చివర్లో లాజరు కుడిచేతి ఉంగరం వేలు జారింది. కణుపు దగ్గర పక్కకి ఒరిగిపోయింది. దేవరాజు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "చూస్తే బిగుసుకుపోతాడమ్మా, చూడకుండా ఉండాలి" అని తన భుజం మీది తుండు తీసి వాడి చెయ్యి మీద కప్పాడు. కళ్ళు మూసుకుని కింద వేళ్ళు తడిమాడు. ఒక్క లాగు లాగాడు. లాజరు తల ఊపి, వాడికొచ్చిన ముప్ఫై తెలుగు మాటల్లోంచి ఒకటి తీసి "సరే, సరే" అన్నాడు. తర్వాత నొప్పి తగ్గి పెద్దగా నవ్వాడు. నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కనే ఉన్నాను.

యాభై గజాల అవతల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న దశరథరామయ్యకి ఏం కనపడి ఉంటుందో ఇప్పుడు ఆలోచించండి.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత లాజరు పాస్‌పోర్టు గుర్తొచ్చింది.

"పాస్‌పోర్టుకని షెడ్డుకి రమ్మంటాడు మేడమ్" అన్నాడు బెన్ని. "వెళ్ళొద్దు. ఆటలో నేను చెయ్యకపోతే అక్కడ చేస్తారు. సమ్మెట తెచ్చి పెట్టుకున్నారు."

మ్యాచ్ ఏమైందని అడక్కండి. ఎనిమిది పాయింట్లతో ఓడిపోయాం. నా బుర్ర నిండా ఒకటే. ఒక్క మాట చెబితే పోయే అపార్థం ఇది. దేవరాజుని వెంటబెట్టుకుని వెళ్ళి, 'అయ్యా, అది బేరం కాదు, వైద్యం' అంటే అయిపోతుంది. ఈ వయసులో కూడా మనుషుల గురించి నాకు అంత తెలివితక్కువ నమ్మకం ఉండేది.

పదకొండున్నరకి దేవరాజూ నేనూ నా స్కూటీ మీద చిల్లకల్లు చేరాం. లాజరుని వ్యానులోనే ఉంచి, హైవే పక్క టీ హోటలు దగ్గర ఆపమని అయూబ్‌కి గట్టిగా చెప్పాను. "పాస్‌పోర్టు నేనే పట్టుకొస్తా. ఎవరు పిలిచినా కదలొద్దు అయూబ్ భాయ్."

"నేను కదలను మేడమ్. వ్యాను కదిలితే గదా నేను కదిలేది" అన్నాడు అయూబ్.

షెడ్డంటే మామూలు షెడ్డు కాదు. గిత్తలకి ఫ్యాన్లున్నాయి, దోమతెరలున్నాయి. మధ్యలో నేలలోకి సగం దిగినట్టు ఒక పందెం బండ, మంచమంత వెడల్పు. దశరథరామయ్య తెల్ల బనీను, పంచెతో నిలబడి పెద్ద గిత్తకి ఉడకబెట్టిన ఉలవలు తినిపిస్తున్నాడు. చంకలో చర్నాకోల. పక్కన క్రషర్ మనుషులిద్దరు. బెన్ని మాకంటే ముందే వచ్చి మూల నిలబడి ఉన్నాడు. పిలిపించారట. సమ్మెట గోడకి ఆనించి ఉంది, దాన్ని చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

"రా టీచరమ్మా" అన్నాడు. "గిత్తని తీసుకురాలేదే?"

"దశరథరామయ్య గారూ, మీరు పొరబడ్డారండి. శనివారం జరిగింది బేరం కాదు. వేలు జారితే దేవరాజన్న ఎక్కించాడు. నేను పక్కనే ఉన్నా."

"అయ్యా, నా పిల్లల మీద ఒట్టు" అని దేవరాజు ముందుకొచ్చాడు. "రత్నబాబు గారికి ఈ అబ్బాయి పేరు కూడా తెలవదు. ఆ పిల్లాడు చూస్తే అదురుతాడని..."

చర్నాకోల ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. చప్పుడే విన్నాను. దేవరాజు చొక్కా భుజం నుంచి నడుం దాకా చీరి, కింద ఎర్రటి గీత తేలింది. అతను వంగేలోపు రెండోది మెడ మీద పడింది. మూడోది మొహం మీద పడకుండా చేతులు అడ్డం పెట్టుకుంటే వేళ్ళ మీద తోలు లేచిపోయింది.

"నాకు ముప్ఫై ఏళ్ళుగా గిత్తలున్నాయి" అన్నాడు దశరథరామయ్య, ఆయాసం కూడా లేకుండా. "తుండు కింద ఏం చేస్తారో నువ్వు నాకు చెప్తావారా?"

"ఆపండి! మనుషులేనా మీరు?" నేను చర్నాకోల పట్టుకోబోయాను. ఒకడు వెనకనుంచి నా జడ పట్టి వెనక్కి లాగాడు. మెడ పట్టేసింది. కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి.

అప్పుడే బయట జీపు, దాని వెనకే మా వ్యాను ఆగిన చప్పుడైంది. నలుగురు దిగారు. ముందు అయూబ్‌ని నెట్టారు. నెత్తి మీద నుంచి రక్తం కనుబొమ దాకా కారుతోంది. "వ్యానుకి అడ్డం పెట్టారు మేడమ్" అన్నాడు, అదేదో తన తప్పయినట్టు. వెనకాల లాజరు, చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకుని ఇద్దరు. కుంటుతున్నాడు.

నన్నలా జడ పట్టుకుని ఉండటం చూశాడు వాడు. అంతే. తల వెనక్కి విసిరాడు. వెనక ఉన్నవాడి ముక్కు నలిగింది. మోచెయ్యి తిప్పి రెండోవాడి దవడ కింద పెట్టాడు, పన్నొకటి ఎగిరి ఉలవల తొట్టిలో పడింది. ఇంతకాలం గేములో ఇలాంటి మోచేతికి వాణ్ణి ఎన్నిసార్లు తిట్టానో. అప్పుడు మాత్రం "కొట్టరా!" అని అరిచాను. కొట్టాడు. మూడోవాణ్ణి కాలరు పట్టి గోడకి వేశాడు, షీల్డులన్నీ గలగలమని రాలాయి. కానీ ఒంటికాలి మీద ఎంతసేపు? వాళ్ళలో నాలుగోవాడు వచ్చి వాచిన తొడ మీదే తన్నాడు. లాజరు కుప్పకూలాడు. నా జడ పట్టుకున్నవాడు తప్ప ఐదుగురూ మీదపడ్డారు. తన్నులు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. ఆఖరికి వాణ్ణి ఈడ్చుకెళ్ళి, కుడికాలు పందెం బండ మీదకి చాపి పెట్టారు.

"వేలు చూడండి!" అని గొంతు చించుకున్నాను. "ఒక్కసారి ఆ వేలు విప్పి చూడండి! మీకు గొడ్ల కీళ్ళు తెలుసు గదా, మీరే చూసి చెప్పండి!"

ఏమనుకున్నాడో, దశరథరామయ్య చెయ్యెత్తి మనుషుల్ని ఆపాడు. వంగి లాజరు కుడిచెయ్యి పట్టుకున్నాడు. ప్లాస్టరు పీకాడు. ఉంగరం వేలు వంకాయలా నల్లగా ఉబ్బి ఉంది. కణుపు మీద బొటనవేలితో నొక్కాడు. లాజరు అదిరిపడ్డాడు. ఇంకో పక్క నొక్కాడు. వేలు అటూ ఇటూ తిప్పి, ఎక్కిన కీలు తడిమి, మెల్లగా వదిలేశాడు.

"నిజమే" అన్నాడు. "జారిన వేలే. దేవరాజు బాగానే ఎక్కించాడు."

నేను ఊపిరి పీల్చుకున్నాను. దేవరాజు కిందనే కూర్చుని దణ్ణం పెట్టాడు. లాజరు నా వైపు చూసి, రక్తం నోటితోనే "అయిపోయిందా కోచ్?" అన్నాడు. అయిపోయిందనే తల ఊపాను.

"కానీ టీచరమ్మా" అన్నాడు దశరథరామయ్య నెమ్మదిగా, "వేలు చూసింది నేనొక్కణ్ణే. తుండుగుడ్డని ఊరంతా చూసింది. నా షెడ్డులో గిత్త నాకు తెలీకుండా అమ్ముడుపోయిందని రెండు రోజులుగా జగ్గయ్యపేట నుంచి కోదాడ దాకా నవ్వుతున్నారు. ఇప్పుడు వీడు రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ పోతే, ఇంటింటికీ వెళ్ళి నేను వేలు చూపించుకోవాలా?"

"అంటే? నిజం తెలిసి కూడా?"

"తెలిసింది గదా. చాలు." ఆయన బండ మీదకెక్కి, లాజరు చీలమండ మీద తన ఎడమ పాదం పెట్టి తొక్కిపట్టాడు. గిత్తకి నాడా కొట్టించేటప్పుడు డెక్క కదలకుండా పట్టుకుంటారే, అచ్చం అలాగే. "బెన్నీ. పొద్దున మిగిల్చింది పూర్తి చెయ్."

బెన్ని కదల్లేదు.

"మీ నాన్న ఇవాళ మధ్యాహ్నం షిఫ్టు. గుంటలోకి పంపించమంటావా?"

బెన్ని వెళ్ళి సమ్మెట తీసుకున్నాడు. నాకు ఏం చేశానో తెలీదు. జడ పట్టుకున్నవాడి చేతిలో గుప్పెడు వెంట్రుకలు వదిలేసి లాజరు కాలి మీద పడ్డాను. "నాది కొట్టండి! నాదెటూ పోయిన మోకాలే, దీన్ని కొట్టుకోండి! వీడిది వదిలెయ్యండి, వీడికి బుధవారం..." ఇంకేం మాట్లాడానో గుర్తులేదు. ఎవరో నా నడుం పట్టి ఎత్తి అవతల పడేశారు. మోచేతులు చెక్కుకుపోయాయి. పడ్డచోట నుంచే చూస్తున్నాను. లాజరు కళ్ళు మూసుకోలేదు. తల ఎత్తి బెన్ని మొహంలోకే చూస్తున్నాడు. "బెన్నీ" అన్నాడు. "బ్రదర్."

బెన్ని ఏడుస్తూనే సమ్మెట ఎత్తాడు. క్రషర్లో రోజూ రాళ్ళు కొట్టే చేతులవి, గురి తప్పవు. దించాడు.

'టప్' మంది.

పచ్చి బెండకాయ విరిచిన చప్పుడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ తర్వాత వచ్చిన కేక లాజరుది కాదు.

కళ్ళు తెరిచి చూస్తే దశరథరామయ్య బండ మీద నుంచి పక్కకి ఒరుగుతున్నాడు. ఎడమకాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి వంగి ఉంది. తెల్ల పంచె మీద ఎరుపు పాకుతోంది. ఆ కేకకి పెద్ద గిత్త బెదిరి ముకుతాడు తెంపుకుంది. దానికి మనిషెవడో గొడ్డెవడో తెలీదు, అడ్డమొచ్చినవాణ్ణి తొట్టి మీదకి కుమ్మింది. రెండో గిత్త వెనక్కాళ్ళతో ఒకణ్ణి డొక్కలో తన్నింది. మిగతావాళ్ళు గోడలెక్కారు. ఒకడు మాత్రం బెన్ని మీదకి గడ్డపారతో వచ్చాడు. బెన్ని సమ్మెట ఊరికే అటూ ఇటూ తిప్పాడు. "రా! నీ కాలు కూడా కావాలా? రా!" అని వాడు అరుస్తుంటే అది నేను ఆరో తరగతి నుంచి ఎరిగిన గొంతులాగే లేదు. గడ్డపారవాడు వెనక్కి తగ్గాడు.

"లే!" అని లాజరు చంక కింద భుజం పెట్టాను. లేచాడు. ఒంటికాలి మీద కాదు, రెండు కాళ్ళ మీదా లేచాడు. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది, టైము లేదు. అయూబ్ తల పట్టుకుని తూలుతుంటే దేవరాజు తన తుండు తీసి గట్టిగా కట్టాడు.

"పాస్‌పోర్టు" అన్నాను. మూలనున్న బీరువాకి తాళం కూడా వెయ్యలేదు. తలుపు లాగాను. పసుపు డబ్బాలు, గజ్జెలు, ఎండిన దండలు, కొమ్ముల రంగు సీసాలు. అన్నీ కింద పడేశాను. పాస్‌పోర్టు లేదు.

వెనకనుంచి నవ్వు వినపడింది. దశరథరామయ్య నేల మీద పడి ఉన్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది, నుదుటి మీద చెమట ధారలు కట్టింది, అయినా నవ్వుతున్నాడు.

"అందులో లేదు టీచరమ్మా. పొద్దున ఆట మొదలవ్వకముందే కోదాడ పంపించేసా. గిత్త అమ్ముడుపోయినాక పగ్గం కొన్నవాడికి ఇవ్వాలి గదా. కొత్త పగ్గం, కొబ్బరికాయ, దాని మీద వీడి పాస్‌పోర్టు పెట్టి రత్నబాబుకి పంపించా. పగ్గం వాడికి, కాలు నాకు. కుంటిగిత్తని కట్టుకుని ఏడుస్తాడనుకున్నా." దగ్గొచ్చింది. "కాలు తప్పింది. పగ్గం మాత్రం చేరిపోయింది."

లాజరు నా భుజం కదిపి "ఎక్కడుంది కోచ్?" అని అడుగుతున్నాడు. బయట ఎండ మండుతోంది. పన్నెండున్నర దాటింది. రాత్రి పదింటికల్లా శంషాబాద్ దారిలో ఉండాలి. బెన్ని సమ్మెట కింద పడేసి, "మా నాన్నని తీసుకురావాలి మేడమ్, ముందు మా నాన్నని బయటికి తీసుకురావాలి" అని గేటు వైపు పరుగెత్తాడు.

వ్యాను ఎక్కబోతుంటే దేవరాజు జేబులో ఫోను మోగింది. తోలు లేచిన వేళ్ళతో నొక్కలేకపోతుంటే నేనే తీసి స్పీకరు పెట్టాను.

"ఏం దేవరాజూ, ఇదేంది?" రత్నబాబు గొంతు. హుషారుగా ఉంది. "పొద్దుగాల దశరథరామయ్య మనిషొచ్చి పగ్గం, కొబ్బరికాయ, ఒక పాస్‌పోర్టు ఇచ్చిపోయిండు. నేనెవర్నీ కొనలే గదా?"

"బాబూ, అది పొరపాటు బాబూ! ఆ పిల్లాడికి రేపు తెల్లారి విమానం. మేం ఇప్పుడే వస్తన్నాం. మీరు దయచేసి అది ఇచ్చెయ్యండి బాబూ!"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది. పాస్‌పోర్టులో ఫొటో చూస్తున్నాడేమో.

"ఆరడుగుల ఎనిమిదంగుళాలంట గదా" అన్నాడు రత్నబాబు. "పగ్గం తనంత తానే ఇంటికొచ్చినాక వాపసు ఇయ్యనీకి నేనేమన్న పిచ్చోణ్ణా? పిలగాణ్ణి పట్కరా. కుంటకుండ పట్కరా. ఈపారి నిజంగనే బేరం చేద్దాం. వచ్చేటప్పుడు తుండుగుడ్డ తెచ్చుకో."

దేవరాజు ఫోను వంక చూస్తూనే భుజం తడుముకున్నాడు. తుండు అక్కడ లేదు. అయూబ్ తలకి కట్టి ఉంది, అంచు దాకా రక్తంతో తడిసిపోయి.